చలికాలమంతా కదలని బండికి ఇంటి కాపలా

ఈ వేసవిలో గుంటూరు నుంచి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కు వచ్చిన తమ్ముడొకరు 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ కొన్నారు. చలి ముదిరాక మార్చి దాకా బండి తీయనని, అద్దె ఇంటి గ్యారేజీలో పెట్టి పైన పట్టా కప్పితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. మన ఊళ్లో బండి రోజూ తిరుగుతుంది, ఏ చిన్న శబ్దం మారినా వీధి చివరి మెకానిక్ చెవికి చేరుతుంది, రాత్రి గేటు లోపల పెడితే ఇంటిల్లిపాదీ కాపలా ఉన్నట్టే. ఇక్కడ ఆ మెకానిక్, ఆ కాపలా రెండూ మీరే.

చలికాలంలో రోడ్లు గడ్డకట్టకుండా ఇక్కడి కౌన్సిళ్లు, అంటే స్థానిక పాలక సంస్థలు, ఉప్పు చల్లుతాయి. ఆ ఉప్పునీరు సైలెన్సర్ కింద, చువ్వల మొదళ్లలో, బోల్టుల తలల మీద చేరి వారాల్లోనే తుప్పు పట్టిస్తుంది గనుక, చివరిసారి నడిపిన రోజునే చన్నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. చైన్‌ను మన దగ్గరలాగే కిరోసిన్‌తో తుడిచి, ఆరిన తర్వాత చైన్ లూబ్ పట్టించండి. ఇక్కడి దుకాణాల్లో కిరోసిన్ అంటే తెల్లమొహం వేస్తారు. పారఫిన్ అని అడగాలి. ఇంజను ఆయిల్‌ను వసంతంలో కాకుండా బండి నిలబెట్టే ముందే మార్చడం మంచిది, ఎందుకంటే వాడిన ఆయిల్‌లో చేరిన తేమా ఆమ్లాలూ నెలల తరబడి లోపలి లోహాన్ని తింటూ ఉంటాయి. తీసిన ఆయిల్‌ను కౌన్సిల్ వారి రీసైక్లింగ్ కేంద్రంలో ఇవ్వాలే తప్ప కాలువలో పోయకూడదు.

పెట్రోలు సంగతి కూడా చూడాలి. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోలు ఈ10, అంటే అందులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందువల్ల చివరిసారి ఇథనాల్ ఐదు శాతానికి మించని ఈ5 రకం సూపర్ పెట్రోలుతో ట్యాంకు దాదాపు నిండా పోయించి, అందులో పెట్రోలు పాడవకుండా ఉంచే ఫ్యూయల్ స్టెబిలైజర్ కలిపి కొన్ని కిలోమీటర్లు నడిపి ఆపండి. ట్యాంకు వెలితిగా ఉంటే ఖాళీ భాగంలో చెమ్మ పట్టి లోపలి గోడ తుప్పు పడుతుంది.

నా మొదటి చలికాలంలో, విజయవాడ నుంచి మా నాన్నగారు ఫోనులో చెప్పిన ప్రకారం ప్రతి ఆదివారం బండిని ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసేవాడిని. ఫిబ్రవరిలో ఇంజను పక్కనుండే ఆయిల్ చూసే గాజు కిటికీలోంచి చూస్తే లోపల ఆయిల్ తెల్లగా, మీగడ తరకలా కనిపించి గుండె జారింది. ఇంజను లోపల పుట్టే నీటి ఆవిరి బయటికి పోవాలంటే ఇంజను బాగా వేడెక్కాలి. గడ్డకట్టే చలిలో ఐదు నిమిషాలకు అంత వేడి రాదు, ఆ నీరంతా ఆయిల్‌లో కలుస్తుంది. పైగా సెల్ఫ్ స్టార్టుకు ఖర్చయిన కరెంటు ఆ కాసేపట్లో బ్యాటరీకి తిరిగి చేరదు. మా నాన్నగారి సలహా విజయవాడ ఎండకు సరైనదే. ఇక్కడ మాత్రం బండిని అసలు కదపకుండా, బ్యాటరీని నిండుగా నిలిపి ఉంచే మెయింటెనెన్స్ చార్జర్ తగిలించి ఉంచడమే మేలు. గ్యారేజీలో ప్లగ్గు లేకపోతే బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకోండి. తలుపు మూసిన గ్యారేజీలో ఇంజను స్టార్ట్ చేయడం ప్రాణాంతకమన్నది వేరే సంగతి. టైర్లలో గాలి సరిగా నింపి సెంటర్ స్టాండ్ వేయండి.

ఇక దొంగల విషయం. హ్యాండిల్ లాక్‌ను నమ్ముకోకండి; అది బలంగా తంతే విరుగుతుంది, విరగకపోయినా ఇద్దరు ముగ్గురు కలిసి బండిని ఎత్తి వ్యానులో పడేస్తారు. కాబట్టి బండిని కదలని దానికి కట్టాలి, అంటే కాంక్రీటు నేలలో గ్రౌండ్ యాంకర్, అంటే గొలుసు తగిలించే ఉక్కు కొక్కెం, బిగించాలి. పేవింగ్ రాళ్ల మీద బిగిస్తే రాయితో సహా పెకలించుకుపోతారు. గొలుసు కడ్డీ 16 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా, తాళాల గట్టిదనాన్ని పరీక్షించే సోల్డ్ సెక్యూర్ సంస్థ ముద్ర ఉన్నది తీసుకోండి. కొన్ని బీమా కంపెనీలు ఆ ముద్ర ఉందా అని అడుగుతాయి. గొలుసును వెనుక చక్రంలోంచో ఛాసిస్‌లోంచో దూర్చండి, ముందు చక్రమైతే విప్పి అక్కడే వదిలేసి మిగతా బండి పట్టుకుపోతారు. గొలుసు నేలకు ఆనకుండా బిగుతుగా ఉండాలి, నేల మీద పడి ఉంటే దాన్ని దాగలి మీద పెట్టినట్టు సుత్తితో కొట్టవచ్చు. లోహాన్ని కోసే యాంగిల్ గ్రైండర్ ముందు ఏ గొలుసూ ఎల్లకాలం నిలవదు, కానీ ఆ రొద ఎంతసేపు సాగితే దొంగకు అంత భయం.

యాంకర్ బిగించేటప్పుడు నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దు. దాని బోల్టులు బిగించాక, అలెన్ కీ పట్టే గుంటలో చిన్న ఉక్కు గుండును సుత్తితో దిగ్గొడతారు. ఇక ఆ బోల్టును ఎవరూ విప్పలేరు, బిగించినవాడితో సహా. నాలుగు గుండ్లూ దిగ్గొట్టి, చెమట తుడుచుకుని, బండిని లోపలికి తోసి చూస్తే గొలుసు వెనుక చక్రానికి జానెడు తక్కువైంది. ముందుగా బండిని దాని చోట నిలబెట్టి, గొలుసు చుట్టి, సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్న తర్వాతే డ్రిల్లు పట్టుకోండి. అద్దె ఇల్లయితే దానికన్నా ముందు ఇంటి యజమాని అనుమతి ఈమెయిల్‌లో తీసుకోండి, లేదంటే ఆ రంధ్రాల ఖర్చు మీ డిపాజిట్‌లోంచి పోతుంది.

పాత గ్యారేజీల్లో పైకి లేచే తలుపుకు మధ్యలో ఒక్క తాళమే ఉంటుంది గనుక కింద నేలకు ఇంకొకటి వేయించండి. ఇంటి నంబరు కనిపించేలా బండి ఫొటోలు పంచుకోవడం మానండి.

బీమా ఫారంలో రాత్రి బండి ఎక్కడ ఉంచుతారన్న ప్రశ్నకు, ప్రీమియం తగ్గుతుందని గ్యారేజీ అని రాసి ఇంటి ముందు నిలిపితే, బండి పోయిన రోజున క్లెయిము చిక్కుల్లో పడుతుంది. చలికాలానికి, వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏకు, బండి రోడ్డు మీదికి రాదని చెప్పే సోర్న్ ప్రకటన ఇస్తే, అది ఉచితం, మిగిలిన పూర్తి నెలల రోడ్డు పన్ను వెనక్కి వస్తుంది. అయితే ఆ తర్వాత బండిని రోడ్డు మీద నిలపడం కూడా నేరమే, నడిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. సోర్న్‌లో ఉన్న బండికి చట్టప్రకారం బీమా అక్కరలేదు గానీ, దొంగతనానికీ అగ్నిప్రమాదానికీ వర్తించే బీమా మాత్రం ఉంచుకోండి. ఇంకొక లెక్క కూడా చూసుకోండి: మన దేశపు లైసెన్సుతో ఇక్కడ స్థిరపడిన నాటి నుంచి 12 నెలలే నడపగలం, దాన్ని ఇక్కడి లైసెన్సుగా మార్చి ఇవ్వరు. వేసవిలో వచ్చి చలికాలమంతా బండి నిలిపితే మార్చికి మిగిలేవి కొద్ది నెలలే, కాబట్టి ప్రొవిజనల్ (నేర్చుకునేవారి) లైసెన్సుకూ పరీక్షలకూ ఈ ఖాళీలోనే దరఖాస్తు చేయండి.

ఎలుకలూ చెమ్మా దూరకుండా సైలెన్సర్ గొట్టంలో గుడ్డ కుక్కేవారు ఎర్ర గుడ్డ కుక్కి, కొస బయటికి వేలాడేలా వదలండి. తాళంచెవికి ఒక కాగితం కట్టి దాని మీద రాయండి: గుడ్డ, గొలుసు, బ్రేకులు, టైర్ల గాలి, సోర్న్, బీమా. మార్చిలో మొదటి ఎండ కనిపించిన ఉదయం, ఆ తొందరలో, ఇవేవీ గుర్తుండవు.