క్లౌడ్‌లో పెట్టిన ఫొటోలు యాడికి పోయినాయి?

ప్రశ్న: ఫోన్ నిండిపోయిందని మా మనవడు ఫొటోలన్నీ తీసేసినాడు. అడిగితే "క్లౌడ్‌లో ఉండాయిలే జేజీ, యాడికీ పోవు" అన్యాడు. ఇప్పుడు చూస్తే యాడా లేవు. మా ఆయన పోకముందు దేవుని కడపలో తీసుకున్న ఫొటోలయ్యా అవి. అసలు ఈ క్లౌడు యాడుంటాది, ఆడ పెట్టినవి ఎట్ల పోతాయి? (ఒక పాఠకురాలు, కడప)

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి, మిగతాది తర్వాత చదువుదురు గానీ. మీది గూగుల్ ఫొటోస్ అయితే ఆ యాప్‌లో ట్రాష్ అనో బిన్ అనో ఒకటుంటుంది, తెరిచి చూడండి, బ్యాకప్ అయిన (అంటే క్లౌడ్‌లోకి కాపీ ఎక్కిన) ఫొటో డిలీట్ కొట్టినాక కూడా 60 రోజులు అందులోనే పడుంటుంది, గడువు దాటకపోతే రీస్టోర్ నొక్కితే వచ్చేస్తాయి. మనవణ్ణి తిట్టేది ఆ తర్వాత.

ఇంక క్లౌడ్ సంగతి. అసలు ఈ పేరు పెట్టినోళ్లని అనాల. వెనకటికి ఇంజనీర్లు నెట్‌వర్క్ బొమ్మ గీసేటప్పుడు అవతల ఏమేముందో అంతా గీయలేక ఒక మబ్బు గీసి వదిలేసేవాళ్లు, ఆ బొమ్మే పేరైపోయింది. నిజానికి అది నేల మీదుండే పేద్ద గోడౌను, దాన్నిండా కంప్యూటర్లు, రాత్రీ పగలూ కరెంటు, వేడెక్కకుండా ఏసీలు. అమెజాన్ వాళ్లు అట్లాంటివి 2016లో ముంబైలో, 2022లో హైదరాబాద్‌లో మొదలుపెట్టినారు.

మన పక్క పెద్దోళ్లు జొన్నలు పాతరలో పోసేవాళ్లు కదా, ఫోన్‌లో ఫొటోలు అట్లాంటివే, మన గుంత మన జొన్నలు, నీళ్లు దిగితే అన్నీ పాయె. క్లౌడ్ అంటే కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టుకున్నట్టు. గూగుల్ వాళ్లు 15 జీబీ దాకా ఊరికే ఇస్తారు, మెయిళ్లు కూడా అందులోకే లెక్క, దాటితే బాడుగ. అయితే కోల్డ్ స్టోరేజ్‌లో బస్తాకీ ఇంట్లో బస్తాకీ సంబంధం ఉండదు, ఇక్కడ మాత్రం రెంటికీ ముడి ఉంటుంది, మీ కొంప ముంచింది అదే. ఆ యాప్‌లోకి పోయి డిలీట్ కొడితే ఫోన్‌లోదీ పోతుంది, అక్కడిదీ పోతుంది. దీన్నే సింక్ అంటారు. చోటు కావాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' అని వేరే ఆప్షన్ ఉంది, అది ఫోన్‌లో కాపీని మాత్రమే తీస్తుంది. దొరికినాక ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా వేయించుకోండి, నన్నడిగితే దేవుని కడప ఫొటోలు ప్రింటు తీయించి ఆల్బంలో పెట్టుకుంటే ఇంకా నయం.

ప్రశ్న: అంగడి లెక్కలు క్లౌడ్‌కి మార్చుకోమని మా సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒకటే పోరు. నెలనెలా డబ్బులంట. ఇది మోసమా అన్నా? (కిరాణా వ్యాపారి, కర్నూలు)

జవాబు: మోసమేం కాదన్నా. సొంత ట్రాక్టర్ కొనకుండా గంటకింత అని బాడుగకి పిలుస్తారు చూడు, అదే యవ్వారం. ఇంటర్ రిజల్ట్స్ రోజు లక్షల మంది ఒకేసారి వెబ్‌సైట్ మీద పడతారు, ఆ ఒక్కరోజుకి వంద కంప్యూటర్లు కొనిపెట్టుకుంటే మిగతా ఏడాదంతా బూజు పట్టుకుంటాయి, క్లౌడ్‌లో అయితే ఆ పూటకి తీసుకుని సాయంత్రానికి వదిలేయొచ్చు. మీ అంగడికి అంత తొక్కిసలాట ఏముంటాది? ఒకటే అంగడి, నెట్ మాటిమాటికీ పోయే బజారు అయితే తొందరేం లేదు. కాకపోతే హార్డ్ డిస్క్ కాలిపోతే ఉద్దర్ల లెక్కంతా గోవిందా, ఆ భయం ఉంటే మారండి, ఇంట్లో కూర్చొని ఫోన్‌లో కూడా చూసుకోవచ్చు. మారేముందు ఆ అబ్బాయిని ఒకటి అడగండి, రేపు నేను డబ్బులు కట్టడం ఆపేస్తే నా లెక్కలు నాకు ఎట్లిస్తావ్ అని. నోటిమాట కాదు, చేసి చూపించమనండి.

ప్రశ్న: వానొస్తే క్లౌడ్‌లో డేటా తడుస్తుందా సార్? (డిగ్రీ స్టూడెంట్, అనంతపురం)

జవాబు: మీ ఊర్లో వాన పడిన రోజు మళ్లీ రాయి నాయనా, అప్పుడు చూద్దాం.