చెక్‌రైడ్‌కి ముందు అమ్మలుకి

అమ్మలూ,

వచ్చే వారం టెక్సాస్‌లో నీ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చెక్‌రైడ్ (బయటికి చూడకుండా పరికరాల మీదే విమానం నడిపే అర్హతకి పెట్టే పరీక్ష) అని మీ నాన్న చెప్పాడు. ఇలాంటివి ఫోన్‌లో సగం సగం వింటావు, అందుకే రాస్తున్నాను.

కాగితాల పని ముందు రోజే ముగించు. లాగ్‌బుక్‌లో చూపించాల్సిన పేజీలకు రంగు చీటీలు అంటించు. విమానం రికార్డుల్లో వీఓఆర్ (దారి చూపే రేడియో పరికరం) చెక్ 30 రోజుల్లోపు, ఆల్టిమీటర్ (ఎత్తు చూపేది), ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి విమానాన్ని చూపేది) పరీక్షలు 24 నెలల్లోపు జరిగినట్టు నువ్వే చూసుకో. స్కూల్ వాళ్ళు చూసి ఉంటారని వదిలేయకు.

ఓరల్‌లో, అంటే నోటి పరీక్షలో, రూల్స్ అప్పజెప్పకు. రేడియో పోతే ఏం చేస్తావని అడిగితే, ఆ రోజు నువ్వు వేసుకున్న రూట్ మీద వేలు పెట్టి, ఇక్కడ పోతే ఇటు వెళ్తాను, ఈ ఎత్తులో ఉంటాను అని చెప్పు. రూల్ నీకు అర్థమైందో లేదో ఎగ్జామినర్‌కి అక్కడే తెలుస్తుంది.

ఇక గాల్లో సంగతి. ఎత్తులో 100 అడుగులు, హెడింగ్‌లో 10 డిగ్రీలు, వేగంలో 10 నాట్లు అటూ ఇటూ కావచ్చని నీకు తెలుసు. ఒకసారి హద్దు దాటగానే అంతా పోయిందనుకోకు. మాటిమాటికీ దాటితే ఫెయిల్, దాటాక వెంటనే సరిదిద్దుకోకపోయినా ఫెయిల్. ఎత్తు తప్పితే "80 అడుగులు దిగాను, సరిచేస్తున్నాను" అని పైకి అను, చెయ్యి కూడా దానంతటదే కదులుతుంది. నాన్ ప్రెసిషన్ అప్రోచ్‌లో (దిగే వాలు చూపే సంకేతం లేకుండా రన్‌వే వైపు దిగడంలో) కనిష్ఠ ఎత్తు దగ్గర మాత్రం ఈ వెసులుబాటు లేదు. 100 అడుగులు పైన ఉండొచ్చు, ఒక్క అడుగు కూడా కిందికి పోకూడదు.

నేను మొదటిసారి ఈ పరీక్ష తప్పింది ఐఎల్ఎస్‌లో (రన్‌వేకి దారి, దిగే వాలు రెండూ రేడియో సంకేతాలతో చూపే అప్రోచ్). సీడీఐని (దారికి ఎటు ఉన్నామో చూపే సూదిని) జీపీఎస్ నుంచి వీలాక్‌కి (నేల మీది రేడియో సంకేతానికి) మార్చడం మరిచిపోయాను. సూది మధ్యలోనే ఉంది కాబట్టి అంతా బాగుందనుకున్నాను. గ్లైడ్‌స్లోప్ (దిగే వాలు చూపే సంకేతం) ఎంతకీ రాలేదు. విషయం తెలిసేసరికి చాలా ఎత్తులో ఉన్నాను. అప్పుడే మిస్డ్ అప్రోచ్ అని చెప్పి పైకి వెళ్ళిపోవలసింది. ఎలాగైనా అందుకోవాలని ముక్కు కిందికి తోసి దిగాను. బటన్ మరిచిపోవడం కన్నా అది పెద్ద తప్పు. నిజంగా మేఘంలో ఉండి ఉంటే? ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు. అందుకే ప్రతి అప్రోచ్‌కి ముందు ఫ్రీక్వెన్సీ, దాని మోర్స్ గుర్తు, సీడీఐ, ఈ మూడూ వేలితో తాకుతూ బయటికి చదువు. పార్షియల్ ప్యానెల్ అప్రోచ్‌లోనూ (కొన్ని పరికరాలు లేకుండా చేసేది) అంతే. మిస్డ్ అప్రోచ్‌లో మొదటి మలుపు, మొదటి ఎత్తు అప్పటికే నోటికి వచ్చి ఉండాలి.

పెన్నులు రెండు పెట్టుకో. కిందపడిన దాన్ని హుడ్ (బయట కనిపించకుండా తలకి పెట్టేది) పెట్టుకుని వంగి ఏరకు. తల ఒక్కసారిగా తిప్పితే విమానం తిరుగుతున్నట్టే అనిపిస్తుంది.

వాతావరణం బాగోకపోయినా, ఒంట్లో నలతగా ఉన్నా ఆపేస్తానని చెప్పడానికి మొహమాటపడకు. డిస్కంటిన్యుయెన్స్ లెటర్ ఇస్తారు. అప్పటిదాకా పాసైన భాగాలు 60 రోజులు చెల్లుతాయి.

దిగగానే ఫోన్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రయినా మెలకువగానే ఉంటాను.

మీ పెదనాన్న