కనుగొన్నారా, కనిపెట్టారా?

సందేహం: నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. 'టెలిస్కోపు లేని రోజుల్లో మనుషులు గ్రహాలను ఎలా కనిపెట్టారు?' అని బోర్డు మీద రాశాను. మా తెలుగు మాస్టారు చూసి, 'కనిపెట్టారు అనకూడదు, కనుగొన్నారు అనాలి. ఉన్నదాన్ని కనుగొంటాం, లేనిదాన్ని కనిపెడతాం' అన్నారు. పిల్లల ముందే చెరిపి మళ్లీ రాశాను. ఏది ఒప్పు? గ్రహం, గ్రహణం, గ్రహించు – ఈ మూడూ ఒక చోటి మాటలేనా? – ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: రెండో ప్రశ్న ముందు తేల్చేస్తాను. ఒక చోటివే. సంస్కృతంలో 'గ్రహ్' అంటే పట్టుకోవడం. సూర్యుణ్ణి పట్టుకుంటే గ్రహణం, విషయాన్ని మనసు పట్టుకుంటే గ్రహించడం, మనిషిని పట్టి పీడిస్తే గ్రహం. ఆ లెక్కన సూర్యచంద్రులూ గ్రహాలే, కంటికి కనపడని రాహుకేతువులూ గ్రహాలే, కాళ్ల కింద ఉన్న భూమి మాత్రం కాదు. గుళ్లో నవగ్రహాలు వేరు, సైన్సు పుస్తకంలో గ్రహాలు వేరు అని పిల్లలకు ఒక ముక్క చెప్పండి, చాలు.

ఇక మొదటిది. బోర్డు చెరపకుండా ఉండాల్సింది.

మీ మాస్టారు చెప్పిన సూత్రం ఆయన సొంతం కాదు. ఇంగ్లీషులో డిస్కవరీ, ఇన్వెన్షన్ అని రెండున్నాయి కాబట్టి మనకూ రెండు గదులు ఉండాలని ఎవరో కనుగొనును ఒక గదిలో, కనిపెట్టును ఇంకో గదిలో కూర్చోబెట్టారు. పోటీపరీక్షల గైడ్లు దాన్ని శాసనం చేశాయి. ఆ మాటలు అప్పటికే తెలుగిళ్లలో ఏ పని చేస్తున్నాయో ఎవరూ అడగలేదు.

కనుగొను సంగతి చూడండి. కను పక్కన కొను చేరింది. పాత కావ్యాల్లో 'కనుఁగొని' అంటే చూసి, అంతే. త్యాగయ్య 'కనుగొంటిని శ్రీరాముని నేడు' అన్నాడంటే కళ్లారా చూశానని సంబరపడ్డాడు గానీ, అంతవరకూ ఎవరికీ తెలియని రాముణ్ణి బయటపెట్టానని కాదు. దీని తమ్ముడు కనుక్కొను ఇంకో దారి పట్టాడు. బస్సెప్పుడో కనుక్కో, అత్తయ్యకు ఒంట్లో ఎలా ఉందో కనుక్కో అంటాం. అడిగి తెలుసుకోవడం. టీవీలో 'మరో గ్రహాన్ని కనుక్కున్నారు' అని విన్నప్పుడల్లా, ఇప్పుడు కులాసాగానే ఉందా అని అడగాలనిపిస్తుంది నాకు. 'గ్రహం ఆవిష్కరణ' అని రాసే వాళ్లూ ఉన్నారు, దానికి రిబ్బను కత్తిరించినట్టు.

కనిపెట్టు నాకు ఇష్టమైన మాట, అందుకని కాస్త ఓపిక పట్టండి. చూసి వదిలేయకుండా చూపును అక్కడే పెట్టి ఉంచడం ఇది. 'పొయ్యి మీద పాలున్నాయి, కనిపెట్టుకొని ఉండు' అని అమ్మ చెబుతుంది. పాలను కొత్తగా తయారుచెయ్యమని కాదు కదా! పొంగేదాకా కన్ను తిప్పొద్దని. ముసలాళ్లను కనిపెట్టి చూసుకునే కోడలు అంటాం. తెలుగు బైబిల్లో 'యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము' అని ఉంటుంది, అక్కడ ఎదురుచూడటం. పిల్లవాడి అబద్ధాన్ని టీచరు ఇట్టే కనిపెట్టింది అంటే, వాడి వాలకం రోజూ చూస్తున్న కన్ను కాబట్టి పట్టేసింది. ఒకే మాటలో చూపు, కాపలా, ఓపిక, చివరికి పట్టుబడటం అన్నీ ఉన్నాయి. బల్బు కనిపెట్టాడు, రైలు కనిపెట్టాడు అనేవి తర్వాత వచ్చి చేరిన అర్థాలు. అద్దెకొచ్చిన వాడు ఇంటాయన్ని బయటికి పొమ్మంటున్నాడు ఇప్పుడు. తమిళుల కండుపిడి, కన్నడిగుల కండుహిడి కూడా చూసి పట్టుకోవడమే. వాళ్లకు ఈ తగువు లేదు.

ఇప్పుడు మీ పాఠంలోకి వద్దాం. టెలిస్కోపు లేకుండా కంటికి తెలిసే గ్రహాలు అయిదు: బుధ, శుక్ర, కుజ, గురు, శనులు. బుధుణ్ణి పక్కన పెడితే, వాటిని చూడటం పెద్ద కష్టం కాదు. చీకటి పడ్డాక పడమట దీపంలా వెలిగే శుక్రుణ్ణి పసిపిల్ల కూడా చూస్తుంది. కష్టమల్లా ఇన్ని చుక్కల్లో ఈ అయిదూ చుక్కలు కావని తెలియడం. ఒక్క రాత్రి చూస్తే తెలియదు. ఈ చుక్కకూ పక్క చుక్కకూ మధ్య ఎడం పది రోజుల తర్వాత మారిందా అని చూడాలి. కుజుడైతే తొందరగానే దొరుకుతాడు. గురుడికి ఒక రాశి దాటాలంటే ఏడాది కావాలి. మన పుష్కరాలు ఆ నడకే: గురుడు సింహరాశికి వస్తే గోదావరికి, కన్యకు వస్తే కృష్ణకు, మళ్లీ అక్కడికి రావడానికి పన్నెండేళ్లు. శనికి రాశికి రెండున్నరేళ్లు పడుతుంది. శనైశ్చరుడు అంటే మెల్లగా నడిచేవాడని అర్థం. అంత చక్కటి పేరును శనీశ్వరుడుగా మార్చి ఈశ్వరత్వం కట్టబెట్టాం. ఆ పేరు పెట్టినవాడు ఆకాశాన్ని కనిపెట్టినవాడు, మార్చినవాళ్లు భయపడ్డవాళ్లు.

పైగా ఇవి తిన్నగా నడవవు. చుక్కల నడుమ తూర్పుకు పోతూ పోతూ ఆగి, వెనక్కి కొంత దూరం వచ్చి, మళ్లీ ముందుకు పోతాయి. కుజుడు సుమారు 26 నెలలకోసారి అలా వక్రిస్తాడు. గ్రహాలు వక్రించాయని మనం కష్టాలకు వాడే మాట అక్కడిదే. బుధుడు మరీ దొంగ. సూర్యుడికి 28 డిగ్రీలు మించి ఎప్పుడూ దూరం పోడు, సందెవెలుగులో కాసేపు కనపడి దిగిపోతాడు. వాణ్ణి పట్టారంటే ఎన్ని సందెలు కాపు కాశారో ఊహించండి.

ఈ కాపలా లెక్కలు రాసిపెట్టిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది బాబిలోనియా (ఇప్పటి ఇరాక్) వాళ్లను. అమ్మిసదూక అనే రాజు కాలంలో, అంటే క్రీస్తుకు 1600 ఏళ్లకు పైగా ముందు, శుక్రుడు ఎప్పుడు ఉదయించాడో, ఎప్పుడు మాయమయ్యాడో 21 ఏళ్ల పాటు గుర్తుపెట్టుకున్నారు. ఆ పట్టిక తర్వాతి కాలపు మట్టిపలక మీది నకలుగా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మాయం కావడమేమిటి అంటారా? మన పంచాంగంలో శుక్ర మూఢమి అని పెళ్లిళ్లు ఆపుతారే, అదే. సూర్యుడి వెలుగులో పడి శుక్రుడు కనపడని రోజులు. అవతలి వైపు నుంచి దాటేటప్పుడు సుమారు 50 రోజులు, మనకూ సూర్యుడికీ నడుమ దాటేటప్పుడు వారం పైచిలుకు. పడమట మునిగిన చుక్కే కొన్నాళ్లకు తూర్పున వేగుచుక్కగా లేచిందని తెలియాలంటే, లేని రోజులను కూడా లెక్కపెట్టాలి. కనుగొనడానికి అక్కడ ఏమీ లేదు, కనిపెట్టుకొని ఉండటం తప్ప.

శుక్రుడు ఒకసారి వేగుచుక్కగా లేచి, మునిగి, మళ్లీ వేగుచుక్కగా లేచే ఈ చక్రం 584 రోజులు. అలాంటివి అయిదు తిరిగితే సరిగ్గా ఎనిమిదేళ్లు, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. కావాలంటే మీరే చూడొచ్చు. 2012 ఏప్రిల్ మొదట్లో శుక్రుడు మన పిల్లలకోడి చుక్కల దగ్గరికి, అంటే కృత్తికల దగ్గరికి వచ్చాడు. 2020 ఏప్రిల్‌లో మళ్లీ అక్కడికే వచ్చాడు. లాక్‌డౌన్ కదా, డాబా ఎక్కి నేనూ చూశాను. 2028 ఏప్రిల్‌లో మీ పిల్లలకు చూపించండి.

బాబిలోనియా వాళ్లు గ్రహాన్ని 'బిబ్బు' అన్నారు, అంటే అడవి గొర్రె. మందతో కలిసి నడవదు. గ్రీకులు 'తిరుగుబోతు' అనే అర్థం వచ్చే మాట పెట్టారు, ఇంగ్లీషు ప్లానెట్ దానిదే. నాకైతే గొర్రె నచ్చింది. గొర్రె ఉందంటే కాపరి ఉంటాడు, కనిపెట్టడం కాపరి పని.

టెలిస్కోపు వచ్చాక ఈ పని తప్పిందా? 1690లో ఫ్లామ్‌స్టీడ్ అనే ఇంగ్లండు ఖగోళవేత్త యురేనస్‌ను టెలిస్కోపుతో చూసి, వృషభరాశిలో ఒక మామూలు చుక్క అనుకొని పట్టికలో రాసుకున్నాడు. అంతకుముందే, 1612 చివర్లో గెలీలియో గురుణ్ణి చూస్తూ పక్కనే ఉన్న నెప్ట్యూన్‌ను కూడా చుక్కగానే గీసుకున్నాడు. ఇద్దరూ చూశారు. మన కావ్యాల లెక్కన నిక్షేపంగా కనుగొన్నారు. అయినా గ్రహాలు దొరకలేదు. 1781 మార్చి 13న హెర్షెల్ అనే ఖగోళవేత్త యురేనస్‌ను చూసి, నాలుగు రోజుల తర్వాత మళ్లీ చూశాడు కాబట్టి అది చోటు మారిందని తెలిసింది. ఆయన కూడా మొదట తోకచుక్క అనుకున్నాడు, అది వేరే సంగతి.

అలాగని 'కనుగొన్నారు' తప్పు అని నేననను. వంద మంది వందేళ్లు వాడితే మాటకు ఆ అర్థం వస్తుంది, వచ్చింది కూడా. పరీక్షలో పిల్లలు ఏది రాసినా మార్కు కొయ్యకండి. హెర్షెల్ యురేనస్‌ను కనుగొన్నాడంటే ఒప్పుకుంటాను, తారీఖు ఉంది కాబట్టి. శనికీ బుధుడికీ అలాంటి తారీఖు లేదు. ఎన్నో తరాల చూపు ఉంది. అక్కడ కనిపెట్టారు అంటేనే నాకు నిండుగా ఉంటుంది. మీ మాస్టారికి నచ్చకపోతే 'కనిపెట్టి తెలుసుకున్నారు' అని రాసి, గొడవ వదిలించుకోండి. 'ప్రాచీనులచే కనుగొనబడినవి' అని మాత్రం ఇద్దరూ రాయకండి.

ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. క్రీస్తుకు ముందు 652 నుంచి 61 దాకా బాబిలోన్‌లో రాసిన ఆకాశపు దినచర్యలు మట్టిపలకల మీద దొరికాయి. ఏ గ్రహం ఏ చుక్క దగ్గరుందో రాసి, అక్కడే బార్లీ ధర, ఖర్జూరం ధర, యూఫ్రటీస్ నది నీటిమట్టం కూడా రాసేవాళ్లు. ఆ రాతలకు వాళ్లు పెట్టుకున్న పేరులో ఉన్న క్రియ 'నసారు', అంటే కాపు కాయడం, కనిపెట్టి ఉండటం. మబ్బు పట్టి ఆకాశం కనపడని రాత్రి కూడా పలకను ఖాళీగా వదల్లేదు. అదే క్రియతో ఒక చిన్న మాట రాసేవాళ్లు. తెలుగులోకి తెస్తే ఇలా ఉంటుంది: మబ్బు, కనిపెట్టలేదు.