చల్లినవాడిదా, ముందొచ్చినవాడిదా?

వానలు పడి గెడ్డల్లో కొత్త నీరు చేరిందంటే మన విశాఖ చుట్టుపక్కల గేలాలన్నీ అటక దిగుతాయి. ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం బంగారు తీగ (కామన్ కార్ప్) అనే చేప గురించీ, దానికి వేసే ఎర గురించీ వచ్చాయి. ఒక ఉత్తరం మాత్రం గట్టు మీద జరిగిన గొడవ గురించి. దానికి జవాబు కొంచెం పొడుగ్గానే రాశాను.

ప్రశ్న: మద్దిలపాలెంలో ఉంటాను. ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ. సెలవు దొరికితే గేలం పట్టుకుని వెళ్తాను. ఆన్‌లైన్‌లో ఖరీదైన ఎర ఉండలు తెప్పించాను, స్ట్రాబెర్రీ వాసనవి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నా ఒక్క లాగుడు లేదు. పక్కనున్న పెద్దాయన మాత్రం ఏదో ముద్ద కట్టి వరసగా తీస్తున్నారు. అడిగితే "తవుడే బాబూ" అన్నారు. నిజమేనా, ఏదైనా దాస్తున్నారా?

జవాబు: ఆయన నిజమే చెప్పారు. అది ఎప్పటి తవుడని మీరు అడగలేదు, అంతే. తవుడులో నూనె ఉంటుంది. మిల్లు ఆడిన కొద్ది రోజులకే అది చెడిపోయి ముక్కిన వాసన వస్తుంది. ఆ వాసన మనకే పడదు, బంగారు తీగకి ఇంకా పడదు. దాని మూతి దగ్గర రెండు జతల మీసాలుంటాయి. రుచి పట్టే మొగ్గలు వాటి నిండా ఉంటాయి. అడుగున బురదలో ఏముందో కంటితో చూడకుండానే తేల్చేసుకుంటుంది. అందుకే తవుడు మిల్లు దగ్గరే కొనండి. సన్నది, ఆ వారంలో ఆడింది అడిగి తీసుకోండి.

మీరు తెప్పించిన ఉండలు పనికిరావని నేను అనను. గుడ్లు, పిండి కలిపి ఉడకబెట్టి చేసే ఆ ఉండల్ని ఇంగ్లండ్‌లో బాయిలీలంటారు. అక్కడ ఒకే కొలనులో ఏళ్ల తరబడి అవే వేస్తారు కాబట్టి చేపలకి అది తిండేనని తెలుసు. మన దగ్గర కథ వేరు. జలాశయాల్లో వదిలే పిల్లలు నర్సరీ చెరువుల్లో తవుడు, వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) తిని పెరుగుతాయి. చిన్నప్పటి నుంచి తిన్న మేత వాసన ముందు స్ట్రాబెర్రీ ఎంతని నిలబడుతుంది!

నేను చేసే ముద్ద చెబుతాను. దీంట్లో రహస్యమేమీ లేదు, గట్టు మీద ఎవరడిగినా చెబుతాను. రెండు గ్లాసుల సన్న తవుడు మూకుట్లో దోరగా వేయించాలి. మాడకూడదు, కమ్మటి వాసన రాగానే దించెయ్యాలి. గానుగ దగ్గరో, పశువుల దాణా కొట్లోనో దొరికే వేరుశనగ చెక్కని దంచి ఒక గ్లాసు కలపాలి. నిమ్మకాయంత అనకాపల్లి బెల్లం వేడినీళ్ళలో కరగబెట్టి, ఆ నీళ్ళు చల్లారాక కొంచెం కొంచెంగా పోస్తూ కలుపుకోవాలి. గుప్పెడు గోధుమపిండి వేస్తే పట్టు వస్తుంది. మెంతిపొడి, సోంపు మీ ఇష్టం, చిటికెడు దాటకూడదు. ఇంటి దగ్గరే బకెట్ నీళ్ళలో చిన్న ఉండ వేసి చూడండి. పడగానే విడిపోతే ఇంకాస్త గోధుమపిండి కావాలి. అరగంటైనా అలాగే ఉంటే మరీ గట్టిపడిందన్నమాట. పది, పదిహేను నిమిషాల్లో మెల్లగా విచ్చుకుంటే సరిపోయింది.

ఇది అన్ని చేపలకీ ఒకేలా పనిచెయ్యదు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. నీటి పై భాగంలో సన్నటి నలుసుల్ని వడకట్టుకుని తింటుంది. దానికి ముద్ద వదులుగా, నీటిలో మబ్బులా విచ్చుకునేలా ఉండాలి. ముద్ద చుట్టూ చిన్న కొక్కేలు గుచ్చి నీటి మీద తేలే బెండుకి వేలాడదీస్తారు చూడండి, అది దాని కోసమే. శీలావతి నడి నీటిలో తిరుగుతుంది. ఎర్రమోసు, బంగారు తీగ అడుగున వెతుక్కుంటాయి, కాబట్టి ఎర నేలకి ఆనాలి. బెండు లోతు చూసుకోకుండా ఎర మార్చుకుంటూ పోయేవాళ్ళు నాకు చాలామంది కనిపిస్తారు. చేప ఉన్న లోతులో ఎర లేకపోతే అందులో అమృతం కలిపినా లాభం లేదు.

ఇంకో సంగతి. బంగారు తీగ ఎరని పీల్చి చూస్తుంది, అనుమానం వస్తే ఉమ్మేస్తుంది. 1980 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో దీనికో ఉపాయం కనిపెట్టారు. ఎరని కొక్కేనికి గుచ్చకుండా, కొక్కెం వంపు నుంచి ఒక సన్నటి దారం వేలాడదీసి దానికి కడతారు. చేప ఎరతో పాటు ఖాళీ కొక్కేన్ని కూడా పీల్చుకుంటుంది, ఉమ్మేటప్పుడు అది పెదవికి తగులుకుంటుంది. దాన్ని హెయిర్ రిగ్ అంటారు. ఉడికించిన మొక్కజొన్న గింజలు రెండు ఆ దారానికి ఎక్కించి చూడండి. మీరు తెప్పించిన ఉండలూ పారెయ్యకండి. మెత్తటి ముద్దని పరిగెలూ తిలాపియా పిల్లలూ గీకి తినేసే చోట గట్టి ఉండే నిలుస్తుంది. దాని చుట్టూ తవుడు ముద్ద కాస్త పట్టించి వెయ్యండి.

ప్రశ్న: ఎండు శనగలు, ఎండు మొక్కజొన్న నేరుగా చల్లొచ్చా? (సింహాచలం నుంచి)

జవాబు: వద్దు. ఎండు గింజ చేప కడుపులోకి వెళ్ళి నీళ్ళు పీల్చుకుని ఉబ్బితే దాని ప్రాణానికే ముప్పు. రాత్రంతా నానబెట్టి, గోటితో నొక్కితే మెత్తగా దిగేదాకా ఉడికించండి. ఉడికించిన నీళ్ళు పారబోయకండి, ముద్ద కలపడానికి అంతకంటే మంచివి లేవు.

ప్రశ్న: మాది గాజువాక. వరసగా మూడు సాయంత్రాలు ఒకే చోట తవుడు, చెక్క చల్లి చేపల్ని అలవాటు చేశాను. నాలుగో రోజు తెల్లారి వెళ్తే ఎవరో వచ్చి సరిగ్గా అక్కడే కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన పక్కనే కూర్చుని నేను చల్లిన చోటికే గేలం విసిరాను. దారాలు చిక్కు పడ్డాయి. ఆయన నా దారం తెంపేశారు. మాటా మాటా పెరిగింది. డబ్బు పెట్టి చల్లింది నేను, చోటు నాది కాదా?

జవాబు: కాదండీ. మీ బాధ నాకు అర్థమైంది. మూడు సాయంత్రాల శ్రమ చిన్నది కాదు. కానీ నీటిలో చల్లిన మేత చేపలది. గట్టు మీద చోటు ముందు వచ్చి కూర్చున్నవాడిది, అదీ ఆ పూటకి మాత్రమే. అనకాపల్లిలో శారద ఒడ్డున మా మావయ్య దగ్గర నేను గేలం నేర్చుకున్నప్పుడు ఎరకంటే ముందు చెప్పిన మాట ఇదే. ఆయన వెదురు కర్రకి నెమలి ఈక కాడని బెండుగా కట్టేవాడు. ఆయనకి ఇష్టమైన మలుపులో ఎవరైనా ఉంటే దూరం నుంచే చూసి, చప్పుడు చెయ్యకుండా వేరే చోటికి నడిచేవాడు.

ఆ రోజు మీరు ముందు ఆయన దగ్గరికి వెళ్ళి, "గురూగారూ, మూణ్ణాళ్ళుగా నేనిక్కడ చల్లుతున్నాను, పక్కన కూర్చోవచ్చా?" అని అడగాల్సింది. నేను చూసినంతలో ఆ మాటకి కాదన్నవాళ్ళు బహు తక్కువ. తెలియక కూర్చున్నాననీ, సగం జాగా మీరు తీసుకోండనీ అనేవాళ్ళే ఎక్కువ. ఆయన ఒప్పుకోకపోతే ఆ పూటకి వదిలెయ్యాలి. చల్లిన చోటు మర్నాటికీ ఉంటుంది. ఇక దారం తెంపడం ఆయన తప్పు, అందులో సందేహం లేదు. చిక్కు పడితే ఇద్దరూ దారం వదులు చేసి, ఓపిగ్గా విప్పుకోవాలి. ఎవరో ఒకరిది కొయ్యక తప్పకపోతే, పక్కవాడి దారం మీదుగా విసిరినవాడు తనది కోసుకోవాలి. కత్తి పెట్టే ముందు చెప్పాలి.

దూరం సంగతి. గట్టు ఖాళీగా ఉంటే ఇద్దరి మధ్య పది బారలైనా వదలండి. గేలం మీకు ఎదురుగా తిన్నగా పడాలి, పక్కవాడి ముందుకి వాలకూడదు. పక్కన చేప పడిందంటే మీ దారం చుట్టేసుకోండి. పెద్ద చేప అడ్డంగా పరిగెడుతుంది, మీ దారంలో చుట్టుకుంటే ఇద్దరికీ నష్టమే. పక్కవాడు అడిగితేనే చేపని పైకి తీసే వల పట్టండి. ఆయన దారాన్ని చేత్తో ముట్టుకోవద్దు. కర్ర నాటేసి టీకి వెళ్ళి గంటకి వచ్చేవాళ్ళకి ఆ చోటు మీద హక్కు ఉండదని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోనివాళ్ళు నాకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు, రాయనివ్వండి. మనిషి దగ్గర లేకపోతే కొక్కెం మింగిన చేప గంటసేపు అలా కొట్టుకుంటూ ఉంటుంది. ఆ ఒక్క కారణం నాకు చాలు.

చప్పుడు గురించి కూడా చెప్పాలి. బంగారు తీగ, బొచ్చె జాతి చేపల్లో గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. అందుకే వాటికి చాలా చేపలకంటే బాగా వినిపిస్తుంది. గట్టు మీద దబదబా నడిచినా, స్పీకర్‌లో పాటలు పెట్టినా, పాడయ్యేది మీ ఒక్కరి వేట కాదు, ఆ వరసలో ఉన్న అందరిదీ. రాత్రి తల లైటు నీటి మీదకి కొట్టడమూ అంతే. మితిమీరి చల్లడం కూడా ఇందులోకే వస్తుంది. మీ బుట్టెడు మేత తిని కడుపు నిండిన చేపలు పక్కవాడి ఎర వైపు చూడవు. మిగిలింది అడుగున కుళ్ళి నీటిలో ప్రాణవాయువు తినేస్తుంది. మేఘాద్రి గెడ్డ, ముడసర్లోవ ఊరికి తాగునీళ్ళిచ్చే జలాశయాలని గుర్తుపెట్టుకోండి. అలాంటి చోట అనుమతి ఉందో లేదో ముందు కనుక్కుని గానీ గేలం విప్పకండి. ఎక్కడైనా సరే, మొదట మూడు నాలుగు గుప్పెళ్ళు, ఆ తర్వాత చేప పడినప్పుడల్లా ఒకటి, అంతకు మించి నేను చల్లను.

మీ ఇద్దరి గొడవలో మీరిద్దరూ మర్చిపోయిన మూడో మనిషి ఒకడున్నాడు, ఆ చేపల్ని నీటిలో వదిలినవాడు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద నీరు, పారే నీరు కావాలి. 1957లో హీరాలాల్ చౌదరి అనే శాస్త్రవేత్త ఒడిశాలో ఇంజక్షన్ ఇచ్చి ఈ చేపల చేత గుడ్లు పెట్టించిన తర్వాతే పిల్లల్ని పెంచి చెరువుల్లో వదలడం ఇంతగా సాగింది. జులై 10న చేపల రైతుల దినోత్సవం జరిపేది అందుకే. అంటే మీ గేలానికి పడే బొచ్చెని చాలా చోట్ల ఎవరో కొని, తెచ్చి, నీటిలో వదిలి ఉంటారు. మత్స్యకార సొసైటీ లీజుకి తీసుకున్న చెరువైతే అది వాళ్ళ కూడు. ముందు వాళ్ళని అడగండి. తెల్లవారుజామున వాళ్ళు వల లాగుతుంటే గేలం తీసి పక్కకి జరగండి. రేవులో ఆడవాళ్ళు బట్టలుతుకుతుంటే అటు విసరకండి.

తెగిన నైలాన్ దారం సంగతి వేరే చెప్పాలా? కొండకర్ల ఆవ సరస్సు దగ్గర తాటిదోనె ఎక్కి వెళ్తే తామరాకుల మధ్య పక్షులు ఎంత దగ్గరగా కనిపిస్తాయో మీరు చూసే ఉంటారు. కాలికి దారం చుట్టుకున్న పక్షి ఎగరలేదు, మేత వెతుక్కోలేదు. తెగిన ముక్క జేబులో పెట్టుకుని, ఇంటికెళ్ళి తుంపులుగా కత్తిరించి చెత్తబుట్టలో వెయ్యండి.

ఆ పెద్దమనిషి మళ్ళీ కనిపిస్తే మీరే ముందు పలకరించండి. కొంచెం ముద్ద కూడా ఇవ్వండి. మూడు సాయంత్రాలు చల్లి అలవాటు చేసే ఓపిక ఉన్న మీకు ఇది కష్టం కాదు.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్ళు. వాళ్ళ తాతగారి గేలం చూసి నేర్పమని గొడవ చేస్తోంది. గట్టు మీద అందరూ మగవాళ్ళే కదా అని నాకు టెన్షన్‌గా ఉంది. ఎలా మొదలుపెట్టమంటారు? (పెందుర్తి నుంచి ఒక తల్లి)

జవాబు: తప్పకుండా తీసుకెళ్ళండమ్మా. మన ఫిషింగ్ హార్బర్‌లో చేపల బేరం నడిపేది ఆడవాళ్ళే, గేలం పట్టుకుంటే వింతేముంది? మొదటిసారి మీరో, వాళ్ళ తాతగారో పక్కనే ఉండండి. ఈత రాకపోతే లైఫ్ జాకెట్ వెయ్యండి. గట్టు రాయి నాచు పట్టి ఉంటే అక్కడ నిలబడనివ్వకండి. బంగారు తీగ కోసం కూర్చోబెడితే పిల్లకి విసుగొస్తుంది. చిన్న కొక్కెం, చిన్న బెండు, వానపాము ముక్క పెట్టి పరిగెలతో మొదలుపెట్టండి, నిమిషానికోసారి బెండు మునుగుతుంటే తనే కదలదు. చేపని పట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలని చెప్పండి, పొడి చేతికి దాని ఒంటి జిగురు ఊడొస్తుంది. కొక్కెం మొన పక్కనుండే చిన్న ముల్లుని పట్టకారుతో నొక్కేసి ఇవ్వండి. పిల్ల వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వచ్చేస్తుంది, వదిలేసే చేప నోరూ చిరగదు.