నాలుగో పేజీలోని 94

అమ్మడూ,

మీ నాయన నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు మన ఇళ్ళల్లో ఫోన్ మోగిందంటే ఎవరో పోయారనే లెక్క. తీరా ఎత్తితే, నువ్వు ఉద్యోగం మానేసి ఏఐలో పీహెచ్‌డీ చేస్తానంటున్నావట. "అంతా నీ పోలికే, నువ్వే చెప్పు దానికి" అని నా నెత్తిన వేశాడు. తిడుతున్నాడో మురిసిపోతున్నాడో వాడికే తెలియడం లేదు. నా సంగతీ అంతే. నిద్ర పట్టక నాలుగింటికే లేచి, వాడు వాట్సాప్‌లో పంపిన నీ ప్రతిపాదన రెండుసార్లు చదివాను. రైతుల ప్రశ్నలకు జవాబులు చెప్పే నీ యంత్రం 94 శాతం సరిగ్గా చెప్పిందని నాలుగో పేజీలో రాశావు, దాని దగ్గరికి తరువాత వస్తాను.

ముందు చిల్లర సంగతులు. జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్ళకిచ్చే భత్యం, 2023 నుంచి నెలకు 37,000. గచ్చిబౌలి అద్దె పోను ఏం మిగులుతుందో కాగితం మీద వేసుకో. గైడ్‌ను ఖాయం చేసుకునే ముందు ఆయన దగ్గర మధ్యలో మానేసినవాళ్ళెవరో కనుక్కుని వాళ్ళతో మాట్లాడు. ప్రాబబిలిటీ మళ్ళీ మొదటి నుంచి చెయ్యి. వేళకు తిను. రాసిందంతా మూడు చోట్ల దాచు. నవ్వకు. నా మొదటి మూడేళ్ళ పని ఐదుంబావు అంగుళాల ఫ్లాపీల్లో ఉండేది. ఒక వానాకాలం బూజు పట్టి సగం పోయింది. ఇప్పటికీ ముసురు పడితే బీరువా తెరిచి చూస్తాను, అందులో ఇప్పుడు చీరలు తప్ప ఏమీ లేకపోయినా.

మీ నాయనకు నీ జీతం బెంగ. నిజానికి ఈ రంగంలో డబ్బు మన అనంతపురం వాన లాంటిది. 1982లో జపాన్, మనిషిలా తర్కించే ఐదో తరం కంప్యూటర్లంటూ పదేళ్ళ పథకం మొదలుపెట్టేసరికి ప్రపంచమంతా ఉలిక్కిపడింది. 1986లో మన ప్రభుత్వం కూడా ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో నాలెడ్జ్ బేస్డ్ కంప్యూటర్ సిస్టమ్స్ అని ఒక కార్యక్రమం పెట్టింది. బెంగుళూరు ఐఐఎస్సీ, మద్రాసు ఐఐటీ, కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, బొంబాయిలో ఎన్‌సీఎస్‌టీ అనే సాఫ్ట్‌వేర్ కేంద్రం, తలా ఒక పని. 'ఎక్స్‌పర్ట్ సిస్టమ్', అంటే నిపుణుడి విద్యను నియమాలుగా ఎక్కించిన ప్రోగ్రాం, ఆ మాట అంటే చాలు, కుర్చీ వేసి టీ ఇచ్చేవాళ్ళు. ఐదారేళ్ళు తిరిగేసరికి నా ప్రాజెక్టు పేరులోంచి ఆ మాట కొట్టేసి 'సాఫ్ట్‌వేర్' అని రాసుకోమన్నారు. తొలకరికే అప్పు చేసి విత్తనం వేసేవాళ్ళను మీ తాత తిట్టేవాడు, తనూ అదే చేసేవాడు. నువ్వు మంచి పదునులోనే విత్తుతున్నావు, కాదనను. మూడో ఏడు వాన మొహం చాటేస్తే ఏం చేస్తావో మాత్రం ఇప్పుడే అనుకో.

ఫోన్లో మీ నాయన రాజ్‌రెడ్డి పేరు రెండుసార్లు ఎత్తాడు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ఫైగెన్‌బామ్ అనే అమెరికా శాస్త్రవేత్తతో కలిసి, కంప్యూటర్ శాస్త్రంలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి, ఎత్తక ఏం చేస్తాడు! నాకు మాత్రం ఆ అవార్డుకన్నా అంతకు ముందటి కథే ఇష్టం. 1970లలో అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం మనిషి మాటను గుర్తుపట్టే వ్యవస్థలు చేసింది. వాటిలో హియర్సే-2 ఒకటి, హార్పీ ఒకటి. వెయ్యి మాటల పరీక్షలో నెగ్గింది హార్పీ. కానీ శబ్దం తెలిసిన ప్రోగ్రాం, పదం తెలిసినది, వాక్యం తెలిసినది అన్నీ ఒకే నల్లబల్ల మీద తమ ఊహలు రాసి, పక్కదాని రాత చూసి తమది దిద్దుకునే పద్ధతి వెనకబడ్డ హియర్సేది. తరువాత ఎన్నో ఏళ్ళు మేమంతా 'బ్లాక్‌బోర్డ్' అంటూ దాన్నే వాడుకున్నాం. వెనకబడిందని మూల పడెయ్యకుండా, ఎలా పనిచేసిందో పూసగుచ్చినట్టు రాసిపెట్టారు కాబట్టి అది మాదాకా వచ్చింది.

నేను దాచాను. ఈ సంగతి మీ నాయనకు కూడా తెలియదు.

1989 ఖరీఫ్. వేరుశనగ తెగుళ్ళు చెప్పే ఎక్స్‌పర్ట్ సిస్టమ్ చేస్తున్నాం, ప్రోలాగ్ అనే కంప్యూటర్ భాషలో, రెండొందల పైచిలుకు నియమాలు. విద్య ఇచ్చిందేమో ఒక తెగుళ్ళ శాస్త్రవేత్త. అందరం 'సారు' అనేవాళ్ళం. వారానికి రెండు మధ్యాహ్నాలు ఆయన ఎదురుగా కూర్చుని, "ఈ మచ్చ చూస్తే ఏమంటారు సార్? ఎంత నమ్మకంగా అంటారు? ఒకటికి ఎంత?" అని పీడించేదాన్ని. ఆయన కిటికీలోంచి చూస్తూ "0.7 వేసుకోమ్మా" అనేవారు. 0.7కీ 0.8కీ తేడా ఏమిటని అడిగితే టీ తెప్పించేవారు. అలా ఆకుమచ్చ, మొవ్వుకుళ్ళు, తుప్పు, ఇనుప ధాతు లోపం, నత్రజని లోపం అన్నీ ఎక్కించాం. పరీక్షకు ఆయన పాత రికార్డుల్లోంచి 50 కేసులు తీశాం. 47 సరిగ్గా చెప్పింది. 94 శాతం. అవునమ్మా, సరిగ్గా నీ అంకే. అందుకే రెండోసారి చదివాను.

ఆ 50 కేసులూ ఎక్కడివి? నియమాలు రాసుకునేటప్పుడు సారు ఉదాహరణలుగా చెప్పినవే. ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని పాఠం రాసి, ఆ పత్రంతోనే పరీక్ష పెట్టి, నేనే దిద్దుకుని డిస్టింక్షన్ ఇచ్చుకున్నాను. ఒక పెద్ద సమావేశంలో చదివితే చప్పట్లు కూడా కొట్టారు.

మరుసటి నెల కంప్యూటర్‌ను జీపులో వేసుకుని కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెకు పోయాం. పంచాయతీ ఆఫీసులో పెట్టి కరెంటు కోసం రెండు గంటలు కాచుకున్నాం. ఒకాయన రెండు చెనక్కాయ చెట్లు వేళ్ళతో సహా పెరికి తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. వేళ్ళకు మన్ను ఇంకా తడిగానే ఉంది. "పాలిపోతాండాయి మ్మా. ఏం రోగమో మీ డబ్బానే అడుగు." డబ్బా ఇంగ్లీషులో అడుగుతుంది, నేను తెలుగులో చెప్పాలి. "ఆకులు పచ్చబడ్డాయా?" అన్నాను. "ఆకు పచ్చగ లేక నల్లగుంటాదా?" అని ఆయన నవ్వాడు. పసుపుపచ్చ అని సర్దుకున్నాను. మచ్చలు? లేవు. పురుగు? లేదు. నేల పీహెచ్ ఎంత? ఆయన నా మొహం చూశాడు. 'తెలియదు' అని కొట్టాను. ప్రోలాగ్‌లో తెలియనిదంటే లేనిదే. పీహెచ్ ఎక్కువని తెలిస్తేనే తెరుచుకునే ఇనుప ధాతు లోపం దారి అక్కడే మూసుకుపోయింది. నత్రజని లోపం, 0.8, యూరియా వెయ్యమని తేల్చింది.

నేను చీటీ రాస్తుంటే సారు లోపలికి వచ్చారు. చెట్టు చేతిలోకి కూడా తీసుకోలేదు. గుమ్మం దగ్గర నుంచే, "నీ చేలో సున్నపురాళ్ళు తేలతాయా?" అన్నారు. తేలతాయన్నాడు. "వానకు నీళ్ళు నిలిచినాయా?" పది దినాలు నిలిచాయట. "అన్నభేది, అదే ఇనుప ఉప్పు, కొట్టు. లీటరుకు 5 గ్రాములు, దాంట్లో ఒక గ్రాము నిమ్మఉప్పు. యూరియా వద్దు." ఎలా చెప్పారు సార్ అంటే, ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "పాలిపోయింది పై ఆకులు కదమ్మా, కిందివి బాగానే ఉండాయి. నత్రజని అయితే కింది నుంచి వస్తుంది." మరి ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేమంటే, "చెట్టు చూస్తే కనపడేదే కదా, అది కూడా చెప్పాల్నా?" అన్నారు.

నేను ఏడాదిన్నర ఆయన్ను అడిగాను. చెట్టు ముందు పెట్టి ఒక్కసారీ అడగలేదు. ఆ 50 రికార్డుల్లోనేమో నేల పరీక్ష ఫలితం ఎప్పుడూ నింపే ఉండేది, కాబట్టి ఈ బొక్క బయటపడే దారే లేదు.

ఇంతవరకూ అయితే తప్పేలే, ఎవరికైనా జరుగుతుంది. సారు రాకముందే పాలిపోయిన చెట్లతో వచ్చిన ఇంకో ముగ్గురికి యూరియా చీటీలు ఇచ్చి పంపేశాను. వాళ్ళ పేర్లు రాసుకోలేదు. ఏ ఊరో అడగలేదు. ఆ సాయంత్రం జీపు కదులుతుంటే దారిలో ప్రతి మనిషి మొహమూ చూస్తూ కూర్చున్నాను. తిరిగొచ్చి నివేదికలో 'క్షేత్రస్థాయిలో మరిన్ని పరీక్షలు అవసరం' అని ఒక్క వాక్యం రాసి దాటేశాను. 94 మాత్రం మూడు చోట్ల వేశాను. సారు పేరు కృతజ్ఞతల్లో ఆఖరి వరసలో, టైపిస్టు పేరు పక్కన.

పోనీ తెలియక చేశానా? మైసిన్ పేపర్ జిరాక్స్ నా బల్ల మీదే ఉండేది. స్టాన్‌ఫర్డ్‌లో షార్ట్‌లిఫ్ చేసిన వైద్య వ్యవస్థ అది. 1979లో అచ్చయిన పరీక్షలో, మెదడు పొరల వాపు (మెనింజైటిస్) కేసులకు ఏ జవాబు యంత్రానిదో ఏది డాక్టరుదో చెప్పకుండా బయటి నిపుణుల చేత దిద్దించారు. యంత్రం అక్కడి డాక్టర్లకు తీసిపోలేదు. అంత నెగ్గీ ఆసుపత్రిలో రోజువారీ వాడకానికి ఎన్నడూ రాలేదు, అది వేరే కథ. ఆ పేరా కింద ఎర్ర గీతలు గీసింది నేనే.

ఇప్పుడు నీ నాలుగో పేజీకి రా. మనిషిలా రాసే పెద్ద భాషా నమూనాకు, విషయాల మధ్య లంకెలు చూపే నాలెడ్జ్ గ్రాఫ్ తగిలించి రైతుల ప్రశ్నలకు జవాబులిప్పిస్తావు. గ్రాఫ్ కట్టింది సేద్యం కరదీపికల నుంచి. పరీక్ష ప్రశ్నలు? ఐదో పేజీ అడుగున చీమతలకాయల్లాంటి అక్షరాల్లో దొరికింది: అవే కరదీపికల నుంచి, అదీ నమూనా చేతే రాయించావు. నేను కనీసం చేత్తో కాపీ కొట్టాను తల్లీ! మా డబ్బా తప్పు చెప్పినా డబ్బాలాగే చెప్పేది, రైతు నవ్వి పోయేవాడు. నీది తప్పును కూడా వినసొంపైన తెలుగులో చెబుతుంది. చీటీ పట్టుకుని పోయేవాళ్ళు ముగ్గురితో ఆగరు.

కోపం తెచ్చుకోకు. రెండో పేజీలో, యంత్రం 'నాకు తెలియదు' అనడం నేర్చుకోవాలని రాశావు చూడు, ఆ పేరా దగ్గర చాలాసేపు ఆగాను. ఆరేళ్ళప్పుడు నా ఆఫీసుకొచ్చి కంప్యూటర్ను "అన్నం తిన్నావా?" అని అడిగి, పలకలేదని ఏడ్చినదానివి.

మొదటి ఏడు ఒక్క ఖరీఫ్ మొత్తం చేల మీద ఉండు. ల్యాప్‌టాప్ సంచిలోనే ఉండనీ. చెట్టు తెచ్చిన మనిషిని తెలిసినవాళ్ళు ఏమేమి అడుగుతారో, ఏది అడక్కుండానే చూసేస్తారో రాసుకో. జవాబు తీసుకుపోయిన ప్రతి ఒక్కరి పేరూ, ఊరూ రాసుకో. విద్య ఇచ్చినవాళ్ళ పేరు పేపర్ మీద నీ పేరు పక్కన ఉండాలి. గైడ్ ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఆయనతో నేను మాట్లాడతాను.

సారు పోయి చాలా ఏళ్ళయింది. ఆ మధ్యాహ్నాల నోట్‌బుక్ నా దగ్గరే ఉంది, సంక్రాంతికి వచ్చినప్పుడు నీకిస్తాను. ఆ రోజు చెట్టు పై ఆకు ఒకటి మధ్యలో పెట్టాను. ఎండి పొడి పొడి అవుతోంది, తెరిచేటప్పుడు ఫ్యాన్ ఆపు.

నీ అత్త