బాబీ బండి కొనే ముందు, అల్లుడికి

ఒరే అల్లుడూ, పాతపట్నంలో ఎవరి పెరట్లోనో బాబీ రాజ్‌దూత్ ఉంది, రేపే అడ్వాన్స్ ఇచ్చేస్తాను మావయ్యా అని మెసేజ్ పెట్టావు. కాస్త ఆగు, డబ్బులు చేతులు మారాక నేనేం చెప్పినా లాభం లేదు.

ముందు అది నిజంగా జీటీఎస్ 175, అంటే బాబీ రాజ్‌దూత్ అసలు మోడలు, అవునో కాదో తేల్చుకో. 1973లో బాబీ సినిమాలో రిషి కపూర్ నడిపాక జనం ఆ చిన్న బండికి ఆ పేరే పెట్టేశారు, కానీ ఇంజిన్ మాత్రం మన ఊళ్ళలో పాలవాళ్ళు క్యాన్లు కట్టుకుని తిప్పిన పెద్ద రాజ్‌దూత్‌దే, అదే 173 సీసీ, అవే మూడు గేర్లు. అందుకే ఇంజిన్ చూసి నమ్మకు, పెద్ద రాజ్‌దూత్ ఫ్రేమ్ కోసి వెల్డింగ్ కొట్టి చిన్న చక్రాలు తగిలించి బాబీ అని అమ్మేస్తారు. హ్యాండిల్ కింద మెడ దగ్గర, సీటు కింద చేత్తో తడిమి చూడు, అతుకులు పెయింట్ కింద దాక్కున్నా వేలికి తగుల్తాయి. ఛాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దు, అంకెలు ఒక వరసలో రాకపోయినా, ఒక్క అంకె లోతు తేడాగా ఉన్నా ఇంటికొచ్చెయ్. ఇంజిన్ సామాన్లు బరంపురంలోనో రాయగడలోనో పాత మిస్త్రీల దగ్గర తిరిగితే ఎలాగో దొరుకుతాయిరా, ట్యాంకు, సీటు, మడ్‌గార్డులు మాత్రం ఎంత తిరిగినా దొరకవు, అవి లేని బండి ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

ఇంజిన్ జామ్ అయిపోయుంటే భయపడకు, కానీ కిక్ మీద ఎక్కి తొక్కకు. ప్లగ్ తీసి ఆ రంధ్రంలో డీజిల్ పోసి కొన్నాళ్ళు వదిలెయ్, మెల్లగా కదులుతుంది. తర్వాత హెడ్ ఇప్పించి పిస్టన్ నెత్తిన సైజు చూడు, సిలిండర్‌ని ఇప్పటికే ఎన్ని మిల్లీమీటర్లు పెద్దది చేశారో అక్కడుంటుంది, 0.25 ఉంటే ఇంకా బోరింగ్‌కి, అంటే మళ్ళీ అరగదీసి పెద్దది చెయ్యడానికి, చోటుంది, 1.00 ఉంటే సిలిండర్ పని అయిపోవచ్చినట్టే, రేటు తగ్గించమని అడుగు. క్రాంక్ ఆయిల్ సీళ్ళు ఎలా ఉన్నా మార్చెయ్యాలి, ఎండిపోయిన సీల్ లోంచి గాలి లాగితే బండి వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. ఇది టూ స్ట్రోక్ ఇంజిన్ కదా, పెట్రోల్లో దానికోసం అమ్మే 2టీ ఆయిల్ కలపడం మర్చిపోకు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది కదా, మన వానాకాలం తేమకి ట్యాంకులో నీళ్ళు చేరతాయి, నెలల తరబడి నిలబెడితే ట్యాంకూ కార్బొరేటరూ ఖాళీ చేసి పెట్టు.

ఇంక కాగితాలు. ఆంధ్రా నంబరు బండిని ఒడిశాకి తెచ్చుకోవాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం కావాలి, అది ఫారం 28. ఓనర్ చనిపోయుంటే బండి పేరు మార్పిడికి వారసులతో ఫారం 31 నడిపించాలి, ఇంట్లో నలుగురన్నదమ్ములుంటే నలుగురితోనూ మాట్లాడాకే డబ్బివ్వు. 2021లో కేంద్రం వింటేజ్ రూల్ తెచ్చింది, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటి పెద్ద మార్పులు చెయ్యని బండికి వీఏ అక్షరాలతో నంబరిస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 ఫీజు, 10 ఏళ్ళు చెల్లుతుంది, కాకపోతే దాంతో రోజూ బజారుకెళ్ళడానికి లేదు. బాబీలు ఇప్పుడిప్పుడే ఆ 50 ఏళ్ళకొస్తున్నాయి కాబట్టి ఆర్‌సీ మీద మొదటి తేదీ జాగ్రత్తగా చూడు. పెయింట్ పాతదైనా కంపెనీదైతే ముట్టుకోకు, మెరిపించాలన్న ఆత్రంలో బంగారం లాంటి బళ్ళు పాడైపోతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇది కుదరకపోతే దిగులు పడకు. 1972 నాటి లూనా, తిరుపతిలో తయారైన సువేగా, 1980లో వచ్చిన టీవీఎస్ 50, ఈ మోపెడ్లూ టూ స్ట్రోకులే, చెయ్యి తిరగడానికి వీటిని మించినవి లేవు.

ఫ్రేమ్ మెడ, ఛాసిస్ నంబరు, ఆర్‌సీ రెండు వైపులా ఫోటోలు తీసి పంపు. ఆదివారం నేను పర్లాకిమిడి వస్తాను, ఇద్దరం కలిసే వెళ్దాం, అప్పటిదాకా వాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వకు.

మీ మావయ్య