చలికాలపు కుక్కపిల్లకు ఏ పేరు పెట్టాలి?

డిసెంబరులో కుక్కపిల్ల వస్తోంది, ఆ కాలాన్ని గుర్తుచేసే పేరు కావాలి, మంచు, స్నో, శిశిర, హేమంత్‌లలో ఏది బాగుంటుందని అడిగారు. రాసుకుంటే నాలుగూ ముచ్చటగానే ఉన్నాయి. పిలవడం మొదలుపెడితే మాత్రం నాలుగింటితోనూ ఏదో ఒక తంటా ఉంది.

స్నో సంగతి తేలిక. పిల్ల చెప్పు కొరికినప్పుడల్లా ఇంట్లో వినబడే మాట "నో". స్నోలో గట్టిగా పలికేదీ ఆ "నో"యే. ముద్దుగా పిలిచినా సగం తిట్టినట్టు వినిపించే పేరు ఎందుకు?

శిశిరతో చిక్కు తెలుగు పిలుపులోనే ఉంది. మనం పిలిచేటప్పుడు చివరి అచ్చును సాగదీస్తాం, అంటే శిశిర కాస్తా "శిశిరా" అవుతుంది. కుక్కకు నేర్పే మొదటి మాటల్లో "రా" ఒకటి. "శిశిరా, ఆగు" అంటే దాని చెవిన పడేది "రా, ఆగు". చైత్ర, తార లాంటి పేర్లకూ ఇదే గొడవ. అందుకే పేరును రాసి చూడకండి, కేకేసి చూడండి. పైగా డిసెంబరులో ఎక్కువ భాగం నడిచేది హేమంతం. శిశిరం మాఘ ఫాల్గుణాల్లో కదా.

మంచు నిజంగా మంచి పేరే. ఇప్పుడు నేను అన్నది చూశారా? "మంచి"కీ "మంచు"కీ తేడా ఒక్క అచ్చు. 2020లో బుడాపెస్ట్‌లోని ఎట్వష్ లోరాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కుక్కల తలకు ఎలక్ట్రోడ్లు అంటించి, మాటలు వినిపిస్తూ మెదడు స్పందనను కొలిచారు. తెలిసిన మాటకూ, దానితో ఏ పోలికా లేని అర్థంలేని మాటకూ స్పందనలో తేడా కనబడింది. అదే తెలిసిన మాటలో ఒక్క ధ్వని మార్చి వినిపిస్తే తేడా కనబడలేదు. ఎదురుగా ఉన్నప్పుడు కుక్క మన చూపునూ చేతినీ గొంతు తీరునూ కలిపి అర్థం చేసుకుంటుంది కాబట్టి ఎలాగో సర్దుకుపోతుంది. వీపు తిప్పుకుని దూరంగా ఉన్నప్పుడు దానికి దొరికేది ధ్వని ఒక్కటే, పేరుతో అసలు పని పడేదీ అప్పుడే.

హేమంత్ మనుషుల పేరు. వీధిలో "హేమంత్, కూర్చో" అని అరిచిన రోజు మీకే తెలుస్తుంది. శరత్, వసంత, వర్ష, శ్రావణి కూడా అంతే. చుట్టాల్లో ఎవరికైనా ఆ పేరుందేమో ముందే కనుక్కోండి.

కాలాన్ని బట్టి పెట్టే పేర్లకు ఇంకో బలహీనత ఉంది, చాలామంది దీన్ని గమనించరు. చలి, వాన, ఎండ, మబ్బు అన్నవి ఇంట్లో రోజూ దొర్లే మాటలు. "వాన వచ్చేలా ఉంది", "వాన తగ్గిందా" అని కుక్కతో పనిలేకుండా పదిసార్లు అంటాం. మొదట్లో అది తల తిప్పి చూస్తుంది. ఏమీ జరగదు. కొన్నాళ్లకు ఆ మాటకు చూడటమే మానేస్తుంది. తప్పు కుక్కది కాదు, మనమే ఆ మాటను అరగదీశాం.

కాబట్టి కాలం పేరు వదిలేసి, ఆ కాలంలో వాడే వస్తువో పూసే పువ్వో వెతకండి. చలికాలానికి నా ఓటు బొంతకు. "బొంతా" రెండే అక్షరాలు, మొదట్లో పెదవులు విడిచే గట్టి ధ్వని, చివర సాగే దీర్ఘం, మామూలు మాటల్లో తక్కువగా వినబడుతుంది. కంబళి, నెగడు, చేమంతి కూడా బాగుంటాయి. కుంపటి కూడా పలకడానికి బాగుంటుంది కానీ "గుండెల మీద కుంపటి" అని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. (రాత్రి మూడింటికి మొరిగే పిల్లయితే మీరే అంటారు.) చిగురు, రెల్లు, మెరుపు వేరే కాలాలకు పనికొస్తాయి. పొద్దు వద్దు. ఎందుకో ఆ వాక్యమే చెబుతోంది.

ఖాయం చేసే ముందు మీరు వాడబోయే ఆజ్ఞలన్నీ ఒక కాగితం మీద రాయండి: రా, ఆగు, కూర్చో, వద్దు, లేదా సిట్, స్టే, కమ్, నో. ఇంట్లో అందరూ ఒకే మాటలు వాడాలి, ఒకరు "ఆగు" ఇంకొకరు "స్టే" అంటే ఏ పేరూ కాపాడలేదు. తర్వాత పేరును పక్క గది నుంచి, ఆయాసపడుతూ, విసుగ్గా కలిపి ఇరవైసార్లు పిలవండి. ఇంట్లో చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఎలా పలుకుతున్నారో వినండి. మూడు నాలుగు అక్షరాల పేరు వారంలో ఎలాగూ కురచవుతుంది. చినుకు చిన్నూ అవుతుంది, చేమంతి చేమూ అవుతుంది. ఆ కురచ రూపాన్ని మీరే ముందుగా తేల్చి, అందరి చేతా అదే పిలిపించండి.

ఒంటి రంగును నమ్ముకుని పేరు పెట్టకండి. డాల్మేషియన్ పిల్లలు మచ్చల్లేకుండా తెల్లగా పుడతాయి, చాలా జాతుల్లో పిల్లప్పటి బొచ్చు రంగు తర్వాత మారిపోతుంది.

నేర్పడం ఇలా. చప్పుడు లేని గదిలో, మీటరు దూరంలో కూర్చుని పేరు ఒక్కసారి పలకండి. మీ వైపు చూసిన క్షణంలోనే "శభాష్" అని, చిటికెనవేలి గోరంత తిండి ముక్క ఇవ్వండి. పూటకు ఐదు నుంచి పదిసార్లు, రోజుకు రెండు మూడు పూటలు చాలు. పదింట్లో ఎనిమిదిసార్లు చూస్తున్నప్పుడు దూరం మూడు మీటర్లకు పెంచండి, తర్వాత పక్క గది, చివరగా ఆరుబయట. చూడకపోతే "బొంతా బొంతా బొంతా" అనకండి, మూడోసారికి చూస్తే చాలని నేర్చుకుంటుంది. పెదవులతో చప్పుడు చేసి దృష్టి మళ్లించండి, లేదా దగ్గరికి జరగండి. స్నానానికీ గోళ్లు కత్తిరించడానికీ పేరుపెట్టి పిలవకుండా మీరే వెళ్లి తెచ్చుకోండి. తిట్టేటప్పుడు పేరు అసలే ఎత్తకండి.

వచ్చేది పెద్ద కుక్కయి, దానికి పాత పేరుంటే, కొత్త పేరు ముందు, వెంటనే పాత పేరు పలికి, చూడగానే తిండి ఇవ్వండి. కొత్త పేరు సగం పలికేసరికే చూస్తోందంటే పాతది మానేయొచ్చు. టీకా కార్డు మీద మాత్రం ఇంట్లో నిజంగా పిలిచే పేరే రాయించండి. పశువైద్యుడి బల్ల మీద భయపడుతున్న కుక్కను వాళ్లు ఆ కార్డు చూసే పిలుస్తారు.